మా ఆవిడ సరిచేయాలనుకున్న సాక్ష్యం

పోయిన నెల రెండో గురువారం పొద్దున్న ఏడు గంటలప్పుడు మా ఆవిడ చనిపోయింది. చోడవరంలో మా వీధి మొదట్లో అంటించిన కాగితం మీద "ప్రభువునందు నిద్రించిరి" అని వేశారు. ఆ మాట వెయ్యమని నేను చెప్పలేదు. ఇరవై రెండేళ్లు పక్కన పడుకున్నవాణ్ణి, ఆమె నిద్ర ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎడమ పక్కకి తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని సన్నగా గురక పెట్టేది. లేపితే "నేనెక్కడ పడుకున్నానండీ, కళ్ళు మూసుకున్నానంతే" అని దబాయించేది. ఆ గురువారం నేను చూసింది నిద్ర కాదు. మెదడులో కేన్సరు పద్నాలుగు నెలల పాటు కొరుక్కుతిన్న మనిషి చావు. చనిపోయిందని రాస్తే దేవుడికి ఏం తక్కువైపోతుందో నాకు అర్థం కాలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు "ఆయన ఎక్కువ ప్రేమించినోళ్ళని తొందరగా పిలుచుకుంటాడు బాబూ" అన్నారు. మరి మిమ్మల్ని ఇంకా ఎందుకు పిలవలేదో అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆమె ఆశా కార్యకర్త. మా పేటలో ఏ ఇంట్లో ఏ మాత్ర ఉందో ఆ ఇంటివాళ్ళకన్నా ఆమెకే బాగా తెలుసు. దారిలో ఎవరు ఎదురైనా బాగున్నావా అని అడిగేది కాదు, "బీపీ మాత్ర ఏసుకున్నావేటి?" అనేది. చదువు రాని ముసలివాళ్ళ మాత్రల అట్టల్ని కత్తెరతో ముక్కలు చేసి, పొద్దుటివి ఒక డబ్బాలో, రాత్రివి ఒక డబ్బాలో వేసి, పొద్దుటి డబ్బా మూతకి ఇంత పసుపు రాసి ఇచ్చేది. పసుపు కనిపిస్తే ఎండ పొద్దు అని గుర్తు. ఆ పని ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు.

ఒకసారి బుచ్చయ్యపేట నుంచి మా చర్చికి వచ్చే ఒకాయన టీబీ మందులు మానేసి ఉపవాస ప్రార్థనకి కూర్చున్నాడు. ఈవిడ వెళ్ళి ఆయనకి ఎదురుగా చాప మీద కూలబడింది. "దేవుడు నోరిచ్చింది పాట పాడ్డానికొక్కదానికేనేటి బాబూ? మాత్ర మింగడానికి కూడా. ముందు మింగు, తర్వాత పాడుదాం, నేనూ పాడతాను" అంది. ఆయన మింగాడు. నీ పాటకి భయపడి మింగాడే అని నేను ఏడిపించేవాణ్ణి. శ్రుతికీ ఆమెకీ చుక్కెదురు. అయినా చర్చిలో అందరికన్నా గట్టిగా పాడేది ఆమే.

అలాంటి మనిషి చేత నేనేం చేయించానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పొగడ్తలంటారా, జ్ఞాపకార్థ కూడికలో చాలామంది పొగిడారు.

జబ్బు మొదట ఆమె రిజిస్టరులో బయటపడింది. తీరుగా ఉండే అక్షరాలు గీత దిగి కిందకి జారిపోవడం మొదలుపెట్టాయి. పొద్దున్నే తలనొప్పి, వాంతి. ఒక రోజు ఆసుపత్రి వరండాలో పిల్లలకి టీకాలు వేయిస్తూ ఫిట్సు వచ్చి పడిపోయింది. విశాఖలో ఆపరేషన్ చేశారు. డాక్టరుగారిని ఆమే నిలదీసి అడిగింది. ఆయనా దాచలేదు. "ఇది మొండి గడ్డమ్మా. కనిపించినంతవరకు తీశాం. మళ్ళీ వస్తుంది. ఎప్పుడన్నదే చెప్పలేం" అన్నాడు. ఆమె తల ఊపింది. నేను కిటికీలోంచి బయటకి చూస్తూ నిలబడ్డాను. ఆ మాట నేను విననట్టే ఉండాలని అప్పుడే నిర్ణయించుకున్నట్టున్నాను.

ఆరు వారాలు రేడియేషన్. నా మోటారు వైండింగ్ షాపు మూసేసి, ఇల్లు మా అమ్మాయికి అప్పజెప్పి, రోజూ పొద్దున్నే విశాఖ బస్సు ఎక్కేవాళ్ళం. ఆమె మొహానికి అచ్చుపోసిన ప్లాస్టిక్ వల ఒకటి తొడిగి, తల కదలకుండా బల్లకి బిగించేవారు. బయటకి వచ్చేసరికి నుదుటి మీదా బుగ్గల మీదా గళ్ళు పడేవి. "ఎలా ఉన్నానేటండీ?" అని అడిగేది. "వల్లో పడ్డ వంజరం చేపలా ఉన్నావు" అంటే బస్టాండులో అందరూ చూసేలా నవ్వేది. మాత్రల డబ్బా నా చేతికొచ్చింది. ముందు వాంతి మాత్ర, కాసేపు ఆగి ఖాళీ కడుపున కేన్సరు మందు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా "మీలాంటోళ్ళు పేషెంటుకి దొరక్కూడదండీ" అని నన్నే తిట్టేది. ఆ ఆరు వారాలూ మేం భయపడ్డాం, అలిసిపోయాం, కానీ ఒకళ్ళతో ఒకళ్ళం అబద్ధం ఆడలేదు. మా కాపురంలో మంచి రోజులు ఏవని ఎవరైనా అడిగితే ఆ బస్సు రోజులే అంటాను.

తర్వాత తీసిన స్కానులో ఏమీ కనిపించలేదు. మెదడు వాపుకి ఇచ్చిన మందు వల్ల ఆమె మొహం ఉబ్బింది. అది చూసి జనం "మొహం ఎంత కళగా నిండిందో సూడండి, దేవుడు ముట్టేడు" అన్నారు.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. గండం గడిచినవాళ్ళు ఆదివారం అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే పొందిన మేలు దాచుకున్నట్టు. పాస్టరుగారు ఇంటికి వచ్చి ఆదివారం చెప్పమన్నారు. ఆయన వెళ్ళాక ఆమె నాతో, "మూడు నెలలకి మళ్ళీ స్కాను ఉంది కదండీ. అది కూడా అవనీండి, అప్పుడు చెప్తాను" అంది.

"విశ్వాసం లేదేటి నీకు?" అన్నాను.

"విశ్వాసం ఉందండీ. స్కానూ ఉంది."

"ఇంతమంది నీ గురించి ఉపవాసాలున్నారు. బాగైపోయిందని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?" అని గట్టిగా అరిచాను. ఆమె మీద అంత గొంతు నేను ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె నా మొహంలోకి చూసింది. నాకు ఆ మాట ఎంత అవసరమో ఆమెకి అర్థమైంది. "సరే, చెప్తాను లెండి" అంది. నా కోసం చెప్పింది. దేవుడి కోసం కాదు.

దేవుడు తనని పూర్తిగా బాగుచేశాడని ఆదివారం చెప్పింది. జనం ఏడ్చారు, ఎవరో వీడియో తీశారు. అది ఊళ్ళు తిరిగింది. స్త్రీల కూడికలకి రమ్మని కబుర్ల మీద కబుర్లు. నా బండి మీద ఎక్కించుకుని నేనే తిప్పాను. కె.కోటపాడులో కూడిక అయ్యాక ఒకామె వచ్చి మా ఆవిడ చేతులు పట్టుకుంది. "నాకు రొమ్ములో గడ్డుందమ్మా. ఆపరేషనన్నారు. నీ సాచ్చెం ఇన్నాక మరి ఎల్లను. నీకు తగ్గించినోడు నాకు తగ్గించడేటి?" అంది. ఆశా కార్యకర్త ఏం చెప్పాలో మా ఆవిడకి తెలుసు. చెప్పబోయింది కూడా. "నేను ఆపరేషన్ చేయించుకున్నానమ్మా, సూడు..." అంటూ కుట్లు చూపించడానికి ముసుగు తియ్యబోయింది. ఈలోగా జనం మీద పడ్డారు. పొద్దుపోతోందని నేను బండి స్టార్ట్ చేశాను.

స్కాను రోజు, చీడికాడలో వారం రోజుల కూడికలు మొదలయ్యే రోజే పడింది. వారం ఆగుదాం అన్నాను. షాపుకి రైతు బోరు మోటారు పట్టుకొస్తే, మూత విప్పకముందే వాసన చూసి "ఇది కాలిపోయింది బాబూ" అని మొహం మీద చెప్పేస్తాను. ఆయన ఎంత బతిమాలినా మాట మార్చను. ఆమె మళ్ళీ రిజిస్టరులో గీత తప్పుతోందని, కప్పు జారవిడుస్తోందని అప్పటికే చూశాను. చూసి, వారం ఆగుదాం అన్నాను.

చీడికాడలో ఆఖరి రోజు మైకు ముందు మాట్లాడుతుండగా ఆమె కుడి చెయ్యి ఎగరడం మొదలుపెట్టింది. ముందు వేళ్ళు, తర్వాత మోచెయ్యి. మాట ఆగిపోయింది, పెదవి ఒక పక్కకి లాగేసింది. ముందు వరసలో ఒకామె "ఆత్మ దిగింది!" అని కేక వేసింది. వందమంది ఆడవాళ్ళు చేతులెత్తి స్తోత్రం, స్తోత్రం అన్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. అది ఫిట్సని నాకు తెలుసు. అందరూ నా వైపు చూశారు. నేనూ చేతులెత్తి స్తోత్రం అన్నాను.

తిరిగి వస్తుంటే చెరకు తోటల దగ్గర బండి ఆపమంది. దిగి గట్టు మీద కూర్చుంది. అప్పటికి మాటలు కొంచెం తడబడుతున్నాయి.

"అది ఆత్మ కాదండీ. నాకు తెలుసు. మీకూ తెలుసు."

నేను వంగి బండి టైరు నొక్కి చూశాను.

"గడ్డ మళ్ళీ వచ్చింది. ఆ కోటపాడు ఆవిడ నా మాట నమ్మి ఇంట్లో కూర్చుంది. నా సాక్ష్యం నేనే సరిచెయ్యాలి. మాట ఉండగానే చెయ్యాలండీ."

మర్నాడు విశాఖ వెళ్ళాం. గడ్డ మొదటిదానికన్నా పెద్దది. వారం ముందొచ్చినా పెద్ద తేడా ఉండేది కాదన్నాడు డాక్టరుగారు. నన్ను ఊరడించడానికే అన్నాడు. కానీ నేను పోగొట్టింది ఆ వారం కాదు. ఆమెకి మిగిలిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. వాటిని ఇంట్లో కూతురితో మాట్లాడనివ్వకుండా మైకుల్లో పారబోయించాను. "అమ్మ నాతో అన్న ఆఖరి మాట ఏటో నాకు గుర్తులేదు నాన్నా. మైకులో అన్నవన్నీ మాత్రం ఫోన్లో ఉన్నాయి" అంది మా అమ్మాయి.

పాస్టరుగారు చెడ్డవాడు కాదు. రిపోర్టు చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కానీ సాక్ష్యం సరిచెయ్యడానికి ఆమెకి మైకు ఇవ్వమనేసరికి "ఈ వారం వద్దండీ, విశ్వాసులు పడిపోతారు. ముందు ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఆ వారం అయింది, తర్వాతి వారమూ అయింది. ఆ రెండు వారాల్లో ఆమె మాటలు ఒక్కొక్కటే పోయాయి. ఒక రోజు నన్ను పిలవబోయి "డబ్బా" అంది. తప్పని తనకే తెలిసి ఏడ్చింది. చివరికి కుడి చెయ్యీ కాలూ కూడా పడిపోయాయి. అర్థం చేసుకోవడం మాత్రం పోలేదు. ఆదివారం గంట వినిపిస్తే గుమ్మం వైపు చూసి, తర్వాత నా వైపు చూసేది.

ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతోంది. ఆమెని సమాధి చేసిన మూడో రోజే నా ఫోన్‌కి కూడా వచ్చింది, చూసి బలపడండి అని. మీ ఫోన్‌కి వస్తే దయచేసి తెలుసుకోండి, అందులో ఉన్నది ఆమె చెప్పదలుచుకున్నది కాదు. మొగుడు చెప్పించింది.

పాస్టరుగారు వద్దన్న ఆ రెండు వారాలూ గడిచాక, మూడో ఆదివారం నేను ఎవరినీ అడగలేదు. ఆమెని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి తోసుకెళ్ళాను. కోటపాడు ఆమెకి ముందే కబురు పెట్టాను. కోడల్ని వెంటబెట్టుకుని వచ్చి వెనక చాప మీద కూర్చుంది. పాట అయిపోగానే ముందుకెళ్ళి మైకు తీసుకున్నాను. పాస్టరుగారు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

"గడ్డ మళ్ళీ వచ్చింది. చీడికాడలో వచ్చింది ఆత్మ కాదు, ఫిట్సు. నాకు తెలుసు. తెలిసే స్తోత్రమన్నాను. ఈమె ఇన్నాళ్ళు బతికింది ఆపరేషన్ వల్లే, మందుల వల్లే. ఎవరైనా ఈమె మాట నమ్మి మందులు మానేస్తే ఆ పాపం ఈమెది కాదు, నాది" అన్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు.

మా ఆవిడ ఎడమ చెయ్యి చాచింది. మైకు తన చేతికి ఇచ్చాను. నోటి దగ్గర పెట్టుకుంది. పెదవులు కదిలాయి, మెడ నరాలు ఉబ్బాయి. ఒక్క మాట కూడా రాలేదు. ఊపిరి మాత్రం వచ్చింది. గోడలకున్న రెండు బాక్సుల్లోంచి ఆ ఊపిరి చర్చి అంతా వినిపించింది, పైకీ కిందకీ, గరగరమంటూ. తీసుకోబోతే మైకు వదల్లేదు.

వెనక చాప మీద కోడలు లేచి, కోటపాడు ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. "లెగు అత్తా. రేపు పొద్దున్న బస్సుకే ఆసుపత్రికి ఎల్పోదాం" అంది. ఇద్దరూ చెప్పులు వేసుకుని గేటు దాటి రోడ్డెక్కేవరకు మా ఆవిడ వాళ్ళ వైపే చూస్తూ, మైకులోకి ఊపిరి తీస్తూనే ఉంది.