కుట్టిన దరఖాస్తు

ఆ వీధిలో అందరూ ఆయనను బైండరు గారనే పిలిచేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉన్నా, దానిని వాడేది ప్రభుత్వ కాగితాలు మాత్రమే. ఇరవై ఆరేళ్ళు ఒకే బైండింగు శాలలో, ఒకే కిటికీ పక్కన, ఒకే ఎత్తు బల్ల ముందు నిలబడి పుస్తకాలు కుట్టిన మనిషికి ఆ పిలుపు ఎన్నడూ ఎబ్బెట్టుగా తోచలేదు. శాల మూతబడిన తరువాత మాత్రం, ఎవరైనా "ఏం బైండరు గారూ, బాగున్నారా?" అని పలకరిస్తే, తనది కాని చొక్కా తొడుక్కున్నవాడిలా ఆయన కొంచెం ఇబ్బందిపడేవారు.

శాల మూతబడటంలో ఎవరి తప్పూ లేదు. వెన్ను మీద వేడి జిగురు పూసి, కుట్టన్నదే లేకుండా పుస్తకాలను దొంతరలు దొంతరలుగా బయటికి తోసే యంత్రాలు వచ్చాక, సూదితో కుట్టించుకునే ఓపిక జనానికి లేకపోయింది. చివరి రోజున యజమాని పనివాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, "మీ చేతికి అలవాటైన పనిముట్లు మీరే తీసుకెళ్ళండి" అన్నాడు. బైండరు గారు సూదుల డబ్బా, దారానికి పట్టించే మైనపు ముద్ద, మడతలు నొక్కే ఎముక బద్ద, పుస్తకాన్ని బిగించి కుట్టే కొయ్య చట్రం ఇంటికి తెచ్చుకుని పడకగది కిటికీ కింద సర్దుకున్నారు. అప్పటికి ఆయన వయసు నలభై తొమ్మిది.

ఆ తరువాత ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలలలో ఆయన గడ్డం గీసుకోని రోజు ఒక్కటీ లేదు. అది ఆయన గొప్పతనం కాదు, భార్య పట్టుదల. ఆమె ఒక పాఠశాల ప్రయోగశాలలో సహాయకురాలు. గాజు గొట్టాలను లెక్క తప్పకుండా కడిగి ఆరబెట్టే మనిషి. శాల మూతబడిన మరునాడు ఏడు గంటలకు ఆయన మీది దుప్పటి లాగేసి, "ఉద్యోగం పోయింది గాని ఉదయం పోలేదుగా! లేవండి" అన్నది.

అప్పటినుంచి ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. ఎనిమిదిన్నరకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గ్రంథాలయానికి బయలుదేరాలి. పదకొండు వరకు పత్రికలలో ఖాళీల ప్రకటనలు చూసి, పనికివచ్చేవి రాసుకోవాలి. ఆపైన, వేళ్ళు పని మరిచిపోకుండా, అక్కడి చిరిగిన పుస్తకాలలో రోజుకొకటి బాగుచేయాలి. గ్రంథాలయాధికారిణి మాటల పొదుపరి. ఆమె ఆయనను అడిగినదల్లా "రేపు కూడా వస్తారుగా?" అని మాత్రమే. మధ్యాహ్నం వంట ఆయనది. ఆయన కూరగాయలు తరిగితే ముక్కలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో ఉండేవి. "ఇవి తినాలా, బీరువాలో దాచుకోవాలా నాన్నా?" అని కాలేజీలో చదివే కూతురు ఆటపట్టించేది. ఆదివారం ఎవరూ ఉద్యోగం మాట ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళు గిన్నెలు తోమాలి. ఈ చట్టం కూడా భార్యదే.

దరఖాస్తుల సంగతి మాత్రం ఆయన సొంత శాఖ. కూతురు వాటిని కంప్యూటరులో రాసి అచ్చు తీసి ఇచ్చేది. అర్హతా పత్రాల నకళ్ళతో కలిపి పదకొండు కాగితాలయ్యేవి. ఆయన వాటి అంచులు సరిచేసి, మైనం పట్టిన దారంతో ఎడమవైపు కుట్టి, బూడిదరంగు అట్టలు వేసి, వెన్నుకు నీలిగుడ్డ అతికించి, పైన చిన్న చీటీ మీద పేరు రాసేవారు. పుస్తకాలు కుట్టేవాడి పనితనాన్ని అతని దరఖాస్తే చెప్పాలని ఆయన నమ్మకం.

"నాన్నా, మూలన ఒక పిన్ను కొడితే సరిపోతుందిగా!" అన్నది కూతురు ఒకసారి.

"పిన్ను తుప్పు పడుతుందమ్మా. నాలుగేళ్ళు పోతే కాగితం మీద మచ్చ వస్తుంది."

"నీ దరఖాస్తు నాలుగేళ్ళు దాచుకుంటారా వాళ్ళు? నాలుగు నిమిషాలు చూస్తే గొప్ప!"

"ఆ నాలుగు నిమిషాలైనా చెదరకుండా ఉండాలి కదా" అని ఆయన సూదిలో దారం ఎక్కించారు.

అలా ఇరవై మూడు దరఖాస్తులు టపాలో వెళ్ళాయి. ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు. రమ్మనకపోతే పోయె, వద్దని కూడా ఎవరూ రాయలేదు. వద్దన్నవాడితో మనసులోనైనా పోట్లాడవచ్చు, మౌనంతో ఎవరు పోట్లాడగలరు? ఆ మౌనానికి అర్థం ఆయనే చెప్పుకున్నారు: వయసు మళ్ళింది, పనికి కాలం చెల్లింది, తనకూ చెల్లింది. ఈ మాట పైకి అనలేదు. కాని గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చెంపలనే తప్ప కళ్ళను చూసుకోవడం మానేశారు.

ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. మంచివాడే, కాని మంచి మాటను కూడా మొట్టికాయలా వేస్తాడు.

"బావా, మా గోడౌనులో గేటు దగ్గర మనిషి కావాలి. కుర్చీ ఉంటుంది, నీడ ఉంటుంది. వచ్చే బండ్ల నంబర్లు రాసుకోవడమే పని. బుధవారం సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పెయ్."

"చూద్దాంలేరా."

"ఇంకా ఏం చూస్తావు? ఇరవై మూడు చోట్ల వద్దన్నాక కూడానా? ఆ చట్రం, ఆ సూదులు ఎవరికైనా ఇచ్చెయ్ ముందు. వాటిని చూస్తూ కూర్చుంటే బెంగ తప్ప ఏమొస్తుంది?"

భార్య లేచి వచ్చి తమ్ముడి చేతిలో గిన్నెలు తోమే పీచు పెట్టింది.

"ఇదేంటక్కా, చుట్టాన్ని!"

"చుట్టానివైతే చట్టం వర్తించదా? ఆదివారం ఉద్యోగం మాట ఎత్తావు. పద."

అందరూ నవ్వారు, బైండరు గారు కూడా నవ్వారు. కాని ఆ సాయంత్రం ఆయన పనిముట్లన్నిటినీ పాత దుప్పటిలో మూటగట్టడం భార్య చూసింది. గేటు దగ్గర కూర్చోవడం చిన్నతనమని ఆయన బాధ కాదు. అక్కడ కూర్చున్న తరువాత ఇక తన చేతులు పుస్తకం పట్టవని ఆయనకు తెలుసు. ఆ మూట విప్పమని ఆమె అనలేదు. గ్రంథాలయంలో ఆయన రాసుకున్న చీటీ తీసి ముందు పెట్టింది. పాత దస్తావేజుల కార్యాలయంలో, శిథిలమైన రిజిస్టర్లు బాగుచేసే పనికి ఒక మనిషి కావాలి. గడువు కూడా బుధవారమే, సాయంత్రం అయిదు గంటలకు.

"ఇదొక్కటి పంపండి. తరువాత మీ ఇష్టం."

"టపాలో అందదే."

"కాళ్ళున్నాయిగా, స్వయంగా వెళ్ళి ఇవ్వండి."

ఇన్ని నెలలలో ఆయన ఏ కార్యాలయానికీ స్వయంగా వెళ్ళలేదు. కాగితాన్ని వద్దంటే సహించవచ్చు, ముఖం మీద వద్దంటే ఎలాగన్న జంకు ఆయనది. అయినా మూటలోంచి సూదీ దారం తీసి, దీన్నీ ఎప్పటిలాగే కుట్టి, బుధవారం మూడు గంటలకు బయలుదేరారు. రెండు బస్సులు మారి, తప్పుడు గేటు దగ్గర దిగి, తిరిగి తిరిగి దరఖాస్తుల కిటికీ చేరేసరికి నాలుగున్నర అయింది.

కిటికీ వెనుక ఒక నడివయసు గుమాస్తా, కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టుకుని, పక్కనున్న యంత్రంలో కాగితాలు పెడుతోంది. యంత్రం ఒక్కొక్క కాగితాన్నీ లోపలికి లాక్కుని ఇవతల వదులుతోంది. కాగితాల మీది బొమ్మ అధికారుల కంప్యూటర్లకు చేరే పద్ధతి అది. ఆయన అందించినదాన్ని ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"పుస్తకాలు ఇక్కడ తీసుకోమండీ. విరాళాలైతే పై అంతస్తులో ఇవ్వాలి."

"పుస్తకం కాదమ్మా, దరఖాస్తు."

"దరఖాస్తా! ఇంత ముచ్చటగానా?" అని ఆమె కళ్ళద్దాలు దించుకుని తెరిచింది. లోపలి కుట్టు చూసి డీలాపడింది. "దీన్ని ఇందులో ఎలా పెట్టమంటారండీ? విడి కాగితాలైతేనే మింగుతుంది ఇది."

"మరి కుట్టినవి వస్తే ఏం చేస్తారు?"

"కుట్టి ఎవరు పంపుతారండీ? పిన్నులైతే ఊడబెరుకుతాం. కుట్టింది ఒకే ఒక్కటి వచ్చింది, నాలుగు నెలల కిందట…"

మాట మధ్యలో ఆపి, ఆమె ఆ నీలిగుడ్డ వంకా ఆయన ముఖం వంకా మార్చి మార్చి చూసింది. లేచి వెళ్ళి బీరువా పై అర నుంచి ఒకటి తీసుకువచ్చింది. అదే బూడిదరంగు అట్ట, అదే నీలి వెన్ను, చీటీ మీద అదే దస్తూరి. ఆ కార్యాలయంలోనే మరొక ఖాళీకి ఆయన పంపినది.

"చింపడానికి చేతులు రాలేదండీ. తీరిగ్గా చూద్దామని పక్కన పెట్టాను. ఈలోగా ఆ ఖాళీ నిండిపోయింది. తప్పు నాదే. కోప్పడకండి."

"అయితే, ఎవరూ చదవలేదా?"

"చదవడమా! అట్ట తిప్పినవాళ్ళే లేరు. మీ వయసెంతో, మీరేం చేస్తారో ఈ ఆఫీసులో ఎవరికీ తెలీదండీ."

కోపం రావలసిన చోట ఆయనకు నవ్వు వచ్చింది. ముందు పెదవుల మీద, తరువాత భుజాలలో, చివరికి కళ్ళలో నీళ్ళు తిరిగేంత. ఎనిమిది నెలలుగా గుండెల మీద కూర్చున్న బరువు ఎవరో చెయ్యి పట్టి లేపినట్టు లేచిపోయింది. తనను ఎవరూ కాదనలేదు. తన వయసును ఎవరూ తూచలేదు, తన పనికి కాలం చెల్లిందని ఎవరూ తీర్పు చెప్పలేదు. తన తలుపు తానే బయటి నుంచి గట్టిగా కుట్టుకుని, లోపలివాళ్ళు తీయడం లేదని ఇన్నాళ్ళూ కుమిలిపోయారు.

"మంచినీళ్ళు ఇమ్మంటారా?" అన్నది గుమాస్తా భయపడి.

"వద్దమ్మా. ఎంత సమయముంది?"

"ఇరవై నిమిషాలు. కత్తెర కావాలా?"

"సన్నని చాకు ఉంటే చాలు."

తన కుట్టును తానే విప్పడం ఆయనకు అదే మొదటిసారి. నీలిగుడ్డ అంచున చాకు మొన ఆనించినప్పుడు చెయ్యి ఒక్క క్షణం మొండికేసింది. తరువాత గుడ్డ లేచింది, ముడి దొరికింది, దారం తెగకుండా మొదటి నుంచి చివరిదాకా బయటికి వచ్చింది. పదకొండు కాగితాలు బల్ల మీద విడివడ్డాయి. గుమాస్తా వాటిని యంత్రంలో పెట్టింది. ఒక్కొక్కటే లోపలికి వెళ్తుంటే ఆయన బడిలో బిడ్డను దింపిన తండ్రిలా చూస్తూ నిలబడ్డారు.

అందినట్టు చీటీ చేతికిచ్చి, "ఈ పాతది నేనుంచుకోనా?" అని అడిగింది ఆమె.

"అది ఇవ్వండమ్మా. మా అమ్మాయికి చూపించి క్షమాపణ చెప్పుకోవాలి."

ఇంటికి వెళ్ళీ వెళ్ళగానే చెప్పుకున్నారు కూడా. కూతురు పడీ పడీ నవ్వి, పిన్నుల డబ్బా తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. భార్య నవ్వలేదు. "ఎనిమిది నెలలు!" అని కుర్చీలో కూలబడి, మరుక్షణం "పోనీలెండి, పోయింది దారమేగా, మీరు కాదు" అన్నది.

అప్పుడు బావమరిది ఫోను చేశాడు.

"గేటు ఉద్యోగం వద్దురా."

"పిచ్చా బావా? ఇరవై మూడు చోట్ల వద్దన్నాక…"

"ఎవరూ వద్దనలేదురా. ఎవరూ విప్పలేదు."

బైండరు గారు జరిగిందంతా చెప్పారు. "రేపు వేరేవాళ్ళను పెట్టేసుకుంటారు. తరువాత నన్ననేవు" అన్నాడు బావమరిది. భార్య ఫోను అందుకుని, "నిన్నేమీ అనంలేరా తమ్ముడూ. మళ్ళీ ఆదివారం రా. గిన్నెలు మేమే తోముకుంటాం" అన్నది.

చేతికందిన ఉద్యోగాన్ని వదులుకుని, చదువుతారో లేదో తెలియని కాగితాలను నమ్ముకోవడం తెగింపే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ రోజు నుంచి దరఖాస్తులు విడి కాగితాలుగా, మూలన పిన్నుతో వెళ్ళసాగాయి. పాత చోట్లకు ఫోను చేస్తే, ఒకచోట వాళ్ళు ఆయన కుట్టి పంపిన దరఖాస్తును అద్దాల బీరువాలో పెట్టారట. మరొకచోట "మీరు నమూనా పంపారనుకున్నామండీ, ధర రాయలేదేమా అనుకున్నాం" అన్నారు.

పన్నెండో రోజున మొదటి ఉత్తరం వచ్చింది. బైండరు గారు దానిని భోజనాల బల్ల దగ్గర నిలబడి బిగ్గరగా చదివారు: "వయోపరిమితి మించినందున తమ దరఖాస్తును పరిశీలించలేకపోతున్నందుకు విచారిస్తున్నాము."

"రానందుకా ఈ సంబరం?" అన్నది భార్య.

"చదివారే! చూడు, నా వయసు ఎంత సరిగ్గా రాశారో!"

ఆ వారంలోనే దస్తావేజుల కార్యాలయం నుంచి పరీక్షకు రమ్మని కబురు వచ్చింది. ముగ్గురు అభ్యర్థులకు మూడు చివికిన రిజిస్టర్లు ఇచ్చి, మూడు గంటల సమయమిచ్చారు. మిగిలిన ఇద్దరూ చురుకైనవాళ్ళే. జిగురు బాగా వాడారు. ఈయన మొదటి గంటంతా పాత దారాలు ఊడదీయడంలోనే గడిపారు. పరీక్షకుడు రెండుసార్లు గడియారం చూశాడు. మూడో గంట చివర ఆయన రిజిస్టరు నడిమికి తెరిచి బల్ల మీద పెడితే, అది చెయ్యి అడ్డం లేకుండా అలాగే పరుచుకుని ఉండిపోయింది. మిగిలిన రెండూ టప్పున మూసుకున్నాయి.

నెలాఖరుకు నియామకపత్రం వచ్చింది. మొదటి ఉదయం పై అధికారి, ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, తాళం తీసి గది చూపించాడు. నేల నుంచి కప్పు దాకా రిజిస్టర్లు. అట్టలు ఊడినవి, వెన్నులు విరిగినవి, అంచులు పురుగు తిన్నవి, తాళ్ళతో కట్టిన కట్టలు కట్టలు.

"ఇన్ని పాడైపోయాయా!" అన్నారు బైండరు గారు.

ఆ గొంతు విని అధికారి కంగారుపడ్డాడు. "కొంచెం ఎక్కువేనండీ. మొదటి రోజే మిమ్మల్ని బెదరగొట్టాను. అన్నీ బాగుచేయాలంటే పదేళ్ళు పడుతుందేమో?"

బైండరు గారు దగ్గరలో ఉన్న కట్ట ముందు కూర్చుని, పైనున్న రిజిస్టరు వెన్నును వేలితో నెమ్మదిగా తడిమి చూశారు.

"పదిహేను పడుతుందండీ" అన్నారు, ముఖం నిండా నవ్వుతో.