ఎత్తుకునేవాళ్లు లేని పాఠం

ఆమె బెదిరిపోయి నౌకరీ పోగొట్టుకుందని ఆ గూడెంలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారట. మొన్న బోనకల్ స్టేషన్లో కలిసిన ఆ ఊరాయన నవ్వుతూ చెప్పాడు. ఆ మాట మొదట అన్నది నేనే. అది అబద్ధం. ఇప్పుడు రాస్తే తేలికపడతానని కాదు. మోసి మోసి అలిసిపోయాను.

తొంభైల మొదట్లో బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఆ గూడెంలో నేను బడిపంతుల్ని. పగలు పిల్లలు, పొద్దువాలాక పెద్దవాళ్లు. ఎండాకాలంలోగా పెద్దవాళ్లతో మూడు వాచకాలు పూర్తి చేయించాలని పైనుంచి చెప్పారు. చూడ్డానికి వచ్చేవాళ్లు ఎన్నో పాఠంలో ఉన్నారని అడిగేవారు. ఎవరికి ఏం వచ్చిందని అడిగినవాళ్లు లేరు. నేనూ అడగలేదు.

ఆడవాళ్లు నాట్ల నుంచి నేరుగా వచ్చేవారు. మడమల మీద బురద ఎండి ఉండేది. మడిలో ఒకామె పాట ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకుంటారు కదా, బడిలోనూ అంతే. పుట్టింట అయిదు వరకు చదువుకున్న పెద్దామె ఒకామె ఉండేది. ఆమె వాక్యం మొదలుపెట్టగానే అందరూ వెనకాలే అందుకునేవారు. వినడానికి ఎంతో బాగుండేది. విడిగా ఎవరినైనా లేపితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు.

"ఒక్కొక్కల్ల లేపకు సారూ, సిగ్గైతది. అక్క ఎత్తుకుంటే అందరం అంటున్నం గద!"

వాళ్లను సిగ్గుపెట్టకపోవడమే మర్యాద అనుకున్నాను. అసలు సంగతి, పగలంతా పిల్లలతో అరిచిన గొంతుకు ఆ పద్ధతి హాయిగా ఉండేది.

వాళ్లలో ఒకామె చిన్న వయసుది. భర్త జ్వరమొచ్చి పోయాడు, చంకలో పిల్ల. బూర్గంపాడులో ఆడపిల్లల హాస్టల్‌కు ఆయా కావాలన్నారు. సరుకుల మూటల మీద, మందుల పొట్లాల మీద పేర్లు చదవడం వస్తే చాలు. ఆమె నన్నడిగింది.

"సారూ, నాకు సదువొచ్చినట్టేనా? నువ్వు అవ్ అంటే పోత. లేకుంటే కూలి చెడగొట్టుకోను."

"మూడో పుస్తకంలో ఉన్నావు కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాను. వెంట నేనూ వెళ్లాను.

హాస్టల్ ఆఫీసరు మా మూడో వాచకమే తెరిచి చేతికిచ్చాడు. ఆమె పుస్తకం సరిగ్గానే పట్టుకుంది. తర్వాత ఎడమవైపు తల తిప్పి చూసింది. బడిలో పెద్దామె కూర్చునేది అటువైపే.

"కానియ్యమ్మా" అన్నాడాయన.

"ఎవరన్న ఎత్తుకోండ్రి సార్, నేను అందుకుంట."

పక్కనున్న గుమాస్తా పకపకా నవ్వాడు. "ఇదేమన్న బతుకమ్మనా తల్లీ, చుట్టూ తిరుగుకుంట పాడనీకి?"

నేను అట్లాగే నేర్పానని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ పని ఇంకొకామెకు ఇచ్చారు.

గూడెం దగ్గర బస్సు దిగేసరికి ఆడవాళ్లు ఎదురొచ్చారు. "అయిందా సారూ?" అంటే, "కొంచెం బెదిరిందమ్మా" అన్నాను. వాళ్లు అటు వెళ్లాక ఆమె నావైపు తిరిగింది.

"బెదిరిన అంటివేంది సారూ? నేనేం బెదర్లే. నాకు రాదు. రాదని నీకు తెల్వదా?"

తెలియదు. ఎన్నడైనా ఆమెను ఒక్కదాన్నే చదవమని అడిగితే కదా తెలిసేది.

మర్నాటి నుంచి ఒక్కొక్కరికీ విడిగా పలక మీద ఒక మాట రాసిచ్చాను. పెద్దామె తప్ప ఎవరూ చదవలేకపోయారు. పుస్తకాలు పక్కన పెట్టి, ముందు ఎవరి పేరు వాళ్లు, ఆ తర్వాత బస్సు బోర్డు, తోడు లేకుండా చదవగలిగితే చాలన్నాను.

"నాటిన మడి పీకి మల్ల నాటుమన్నట్టున్నది సారూ నీ యవ్వారం!" అని నవ్వారు, విసుక్కున్నారు. కానీ మెల్లగా కొందరికి బస్సు బోర్డు చదవడం వచ్చింది.

హాస్టల్‌కు వెళ్లొచ్చిన ఆ చిన్నామె మాత్రం మళ్లీ బడికి రాలేదు. ఒకరోజు ఇంటికి వెళ్లి, నీకు విడిగా చెబుతాను రమ్మన్నాను. బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"ఇప్పుడు నేర్సుకోని యాడ సదవాలె సారూ? ఆ నౌకరి ఇంకొకామె చేస్తాంది."

నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. "ఎండల పడి వచ్చినవ్, మంచినీళ్లు తాగిపో" అని చెంబు ఇచ్చింది. తాగి వచ్చేశాను.