సైగలు అందని మధ్యాహ్నం

ఆమె పని ఇద్దరి మధ్య కూర్చోవడం. వినపడనివాళ్లు ఆసుపత్రికో ఆఫీసుకో వెళ్లి వీడియోలో పిలిస్తే, అవతలివాళ్ల మాటల్ని చేతులతో సైగలు చేసి చెబుతుంది. ఆ విద్య బడిలో వచ్చింది కాదు. చెల్లెలికి పుట్టుకతోనే వినపడదు. దాని ఊయల పక్కనే నేర్చుకుంది. ఇంట్లో అందరూ ఆమెను దుబాసీ అనేవారు.

ఆ రోజు వేరే ఊళ్లో చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. మరిదికీ వినపడదు. "భయపడకే, నేను లైన్లోనే ఉంటా" అని పొద్దున్నే తెరమీద సైగ చేసింది దుబాసీ. ఆమె పాత లాప్‌టాప్ మాత్రం అడగకుండానే కొత్త అప్‌డేట్ వేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ మరిది ఫోను దగ్గరికి వంగింది. "బిడ్డ గుండె కొట్టుకోవడం..."

అంతే. వైఫై గుర్తు మాయమైంది. తెరంతా నీలంగా మారి, లాప్‌టాప్ ఆగి మళ్లీ మొదలైంది. కలిసింది. చెల్లెలి మొహం కనిపించింది, 'ఏమంటోంది?' అని వేళ్లు కదిలాయి. మళ్లీ నీలం.

దుబాసీ దగ్గరున్న ఫోను మాటలకే, దానిలో వీడియో రాదు. వార్డుకి చేస్తే నర్సు ఎత్తింది.

"ఆపరేషన్ చెయ్యాలమ్మా. మీ చెల్లెలు ఒంటిమీద చెయ్యి వెయ్యనివ్వడం లేదు."

"ఒక్క నిమిషం ఆగండి సిస్టర్, నేను చెబుతా దానికి!"

"ఆగే టైం కాదమ్మా ఇది."

మాట అందుతోంది. కావలసింది చేతులు.

అప్‌డేట్‌తో వచ్చిన వైఫై డ్రైవర్‌ను, అంటే వైఫైని నడిపే ప్రోగ్రామును, తీసేసింది. లాప్‌టాప్ తిరిగి లేచి అదే డ్రైవర్‌ను వేసుకుంది. పాతదానికి వెనక్కి వెళ్లే బటన్ వెలిసిపోయి, నొక్కినా పనిచేయలేదు. రిపేరు షాపతనికి ఫోన్ చేసింది.

"పాత డ్రైవర్ దించుకోవాలండీ."

"నెట్టే లేకపోతే దేంతో దించను బాబూ!"

"పక్కన కేబుల్ పెట్టే చోటుందా? తిన్నగా రౌటర్‌కి తగిలించండి."

రౌటర్ కింది వాటాలో ఇంటావిడ దగ్గరుంది. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఏనాడో చచ్చింది; ఛార్జర్ పీకగానే ఆరిపోయింది. రెండూ గుండెలకు హత్తుకుని మెట్లు దిగి పరుగెత్తింది. "ఏమైందే తల్లీ?" అని ఇంటావిడ అడుగుతుంటే ఆగకుండా లోపలికి దూరింది. రౌటర్ నుంచి టీవీకి వెళ్లే కేబుల్ లాగి లాప్‌టాప్‌కి తగిలించింది. తెర మీద చుక్కలు గిరగిరా తిరుగుతుంటే, "లే, నీ కాళ్లు పట్టుకుంటా, లే" అని దాన్ని బతిమాలింది.

వీడియో కలిసేసరికి మంచం ఖాళీ. ఫోను పట్టుకుని మరిది ఒక్కడే నిలబడ్డాడు. 'ఎక్కడికి తీసుకెళ్లారు వదినా? ఎందుకు ఏడ్చింది?' ఆమె తనకు తెలిసినంతా సైగ చేసింది. ఆ తర్వాత మరిది ఫోనుతో ఆపరేషన్ గది బయటికి వెళ్లాడు; ఇద్దరూ ఆ మూసిన తలుపు వైపే చూశారు.

చివరికి నర్సు వచ్చి చెప్పింది: ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. ఆ మాట ఆమె మరిదికి రెండుసార్లు సైగ చేసింది.

సాయంత్రం చెల్లెలు కళ్లు తెరిచింది. బలం లేని చేతులతో ఒక్కొక్క మాటే చెప్పింది. 'నీ సైగ బిడ్డ గుండె దగ్గరే ఆగిపోతే, బిడ్డ పోయిందనుకున్నా. పోయిన బిడ్డ కోసం నన్నెందుకు కోస్తున్నారని పెనుగులాడా. అందరూ కలిసి పట్టుకున్నారు. నీకోసం ఫోను వైపే చూశా అక్కా.'

 దుబాసీ డాక్టరమ్మను పిలిపించి, మధ్యాహ్నం చెప్పిందంతా మొదటినుంచి మళ్లీ చెప్పమంది. మాటమాటా సైగ చేసింది: 'బిడ్డ గుండె కొట్టుకోవడం నెమ్మదించింది, ఆగలేదు. ఇప్పుడే ఆపరేషన్ చేస్తే బతుకుతుంది.' చెల్లెలు రెప్ప వేయకుండా చివరిదాకా చూసి, బిడ్డను దగ్గరికి లాక్కుని, ఫోను వైపు మళ్లీ చూడకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.