లిఫ్టులో అప్పజెప్పించుకున్న పాఠం

మా టీమ్ లీడ్ సార్ పోయారని మొన్న ఆదివారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నేనప్పుడు ఎర్రగడ్డ మార్కెట్లో కూరగాయలు కొంటున్నాను. చుట్టూ జనం తోసుకుంటున్నారు. కదలడానికి చోటు లేక, సంచి గుండెకు హత్తుకుని అక్కడే నిలబడిపోయాను.

సినిమాలో హీరో కారు నడుపుతుంటే బయట రోడ్డు వెనక్కి పరుగెత్తడం మీరు చూసే ఉంటారు. చాలాసార్లు ఆ కారు కదలదు. వెనకున్న పెద్ద తెర మీద రోడ్డు వీడియో కదులుతుంది. కెమెరా ఎటు తిరిగితే దానికి తగ్గట్టు, కంప్యూటర్లో బొమ్మలుగా కట్టిన గోడలకు ఆ వీడియోను అప్పటికప్పుడు అతికించే ప్రోగ్రాములు రాయడం మా పని. ఫిల్మ్‌నగర్‌లో, కిటికీలన్నీ నల్లగుడ్డతో మూసేసిన గదిలో రాసేవాళ్లం. వెలుతురు పడితే రంగులు సరిగ్గా తెలియవు. లోపల కూర్చుంటే బయట ఎండో వానో కూడా తెలిసేది కాదు. సార్ మాత్రం మాటిమాటికీ లేచి తలుపు తీసి, కుర్చీ అడ్డం పెట్టేవారు. ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు.

నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం డైరెక్టర్‌గారు మా పని చూడటానికి వచ్చారు. పై అంతస్తులో నా ప్రోగ్రాం నడిపితే రోడ్డు రాలేదు. తెరంతా నలుపు. పైనుంచి తొందరపెడుతుంటే సారూ నేనూ లిఫ్ట్ ఎక్కాం. రెండంతస్తుల మధ్య కరెంటు పోయి లిఫ్ట్ ఆగిపోయింది.

"జనరేటర్ ఖరాబైంది సార్! చాబీ తెస్తున్న, జర ఓపిక పట్టుర్రి," బయట నుంచి వాచ్‌మన్ అరిచాడు.

చీకట్లో తలుపు బాదాను. "ఊపిరి ఆడ్తలేదు సార్."

"ఆడుతుందమ్మా, మాట్లాడుతున్నావుగా. నాకేం తెలీదనుకో. వీడియోని గోడ మీదికి ఎలా ఎక్కిస్తావు? అప్పజెప్పు."

"ఇప్పుడా సార్?"

"ఇప్పుడే. ఆపకుండా చెప్పు."

చెప్పాను. బొమ్మయితే ఒక్కసారి అతికిస్తే అయిపోతుంది. వీడియో అలా కాదు. తెర మీద దృశ్యం గీసిన ప్రతిసారీ వీడియోలోంచి కొత్త ఫ్రేము, అంటే ఒక్క బొమ్మ, తీసి, పాతదాని స్థానంలో వేయాలి.

"మరి వీడియో ఇంకా తెరుచుకోకముందే అడిగితే?"

"ఏం దొరకదు సార్."

"దొరక్కపోతే నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?"

ఒక్క క్షణం భయం మరిచిపోయాను. "మళ్ల అడగదు సార్! గట్లనే నల్లగ ఉండిపోతది."

"అదీ సంగతి. వచ్చిందా, వచ్చిందా అని అడుగుతూనే ఉండాలి. ఒకసారి పలకలేదని వదిలేస్తే ఎలాగమ్మా?"

వాచ్‌మన్ తలుపు తెరిచి మమ్మల్ని పైకి లాగాడు. వెలుతురులో సార్‌ని చూసి నిర్ఘాంతపోయాను. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మెట్ల మీద కూలబడ్డారు.

"చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ బీరువాలో ఇరుక్కున్నాను. అప్పట్నుంచీ మూసిన తలుపంటే ప్రాణం పోతుంది. నువ్వు మాట్లాడుతూ ఉన్నావు కాబట్టి నిలబడ్డాను," అన్నారు.

ఆ పాఠం ఎవరి కోసమో అప్పుడు తెలిసింది. పైకెళ్లి ప్రోగ్రాం సరిచేస్తే రోడ్డు పరుగెత్తింది. డైరెక్టర్‌గారు చప్పట్లు కొట్టారు. సార్ గుమ్మంలోనే నిలబడి చూశారు.

ఆ తర్వాత ఇద్దరం మెట్లే ఎక్కేవాళ్లం. ఆయాసం వస్తే సార్ ఫోన్ చూస్తున్నట్టు ఆగేవారు. "కిటికీలున్న ఆఫీసుకు పోవచ్చు కద సార్?" అని ఒకసారి అడిగాను.

"ఈ పని కిటికీలున్న చోట కుదరదుగా. నాకేమో ఇది తప్ప ఇంకోటి నచ్చదు. ఏం చెయ్యమంటావు?" అని నవ్వారు.

ఇష్టమైన పని కోసం రోజూ ఆ చీకటి గదిలోకి నడిచి వెళ్లిన మనిషి ఆయన. ఇప్పుడు నా దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లలు తడబడితే, తిట్టకుండా ప్రశ్న అడగడం నాకు ఆయన దగ్గరే అబ్బింది.

మధ్యాహ్నం భోజనం మాత్రం ఆయన ఎంత ఎండైనా ఆఫీసు డాబా మీదే చేసేవారు. ఆయన్ని చివరిసారి చూసిందీ అక్కడే. కింద పరిచిన పేపరు గాలికి ఎగిరిపోయింది. చొక్కా వెనక బుడగలా పొంగుతుంటే, నీళ్ల ట్యాంకుల మధ్య నవ్వుతూ దాని వెంట పరుగెడుతున్నారు సార్.