సున్నం అంటిన బంతి

శుక్రవారం ఉదయం రాయదుర్గం ఆఫీసులో మీటింగులో ఉండగా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. సి బ్లాకు తాతగారు నిద్రలోనే పోయారట. ఎనభై ఏడేళ్లు, పెద్ద వయసే, ఏ బాధా పడలేదు అని అందరూ రాస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. పెద్ద వయసైతే మాత్రం పోవాలా? ఆ మాట గ్రూపులో రాయలేదు గానీ, మీటింగులోంచి లేచి వెళ్లి బాత్రూములో ఏడ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు. మాది భీమవరం వైపు. ఆయన పుట్టి పెరిగింది ఇక్కడే, ఈ పుప్పాలగూడ పక్కనే. కూతురి దగ్గర ఉండేవారు. రోజూ సాయంత్రం మా షటిల్ కోర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. మా పరిచయం పోట్లాటతోనే మొదలైంది. ఒకరోజు నేను "అవుట్" అని అరిచాను. కుర్చీలోంచి "లోపల" అని వినిపించింది.

"మిమ్మల్ని ఎవరడిగారండీ?" అన్నాను.

"ఎవ్వరడగలే. లోపల పడ్డది, చెప్పిన."

"అంత దూరం నుంచి మీకెలా కనిపించింది?"

"దగ్గరున్నదానివి నీకెట్ల కనబడలే?"

ఆ రోజు ఓడిపోయాను. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయన లేకుండా ఆడబుద్ధి కాలేదు.

తాతగారు ఒకప్పుడు పేరున్న బాల్ బ్యాడ్మింటన్ ఆటగాడు. జట్టుకు ఐదుగురు, పసుపుపచ్చని ఉన్ని బంతి, మట్టి నేల, సున్నంతో గీసిన గీతలు. గీత మీద పడితే లోపల పడినట్టే, బంతికి సున్నం అంటుకునేది. ఎడమచేతి వాటం దెబ్బ చూసి ఒక మిల్లు వాళ్లు పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చారు. పేరుకు స్టోరు గుమాస్తా, చేసే పని మాత్రం ఆటే. కోపం ముక్కు మీదే ఉండేదట. పాయింటు పోతే బ్యాటు నేలకేసి కొట్టేవారట. ఆ కోపం చివరిదాకా పోలేదు. లిఫ్టు మనల్ని వదిలేసి పైకి పోతే, అది మళ్లీ దిగేదాకా దాన్ని తిట్టేవారు. లిఫ్టు నుంచి కుర్చీ దాకా నడవడానికే అయినా, శనివారం శనివారం కాన్వాస్ బూట్లు ఉతికి ఎండబెట్టేవారు.

మా కోర్టులో గీతలు పెయింటువి. ఎవరైనా వాదనకు దిగితే ఆయన ఒకటే అనేవారు. "ఈడ సున్నం లేదు బిడ్డా. అంతా మనిషి మాట మీదనే."

నిరుడు అపార్ట్‌మెంట్ వార్షికోత్సవంలో ఆయనకు శాలువా కప్పారు. మైకు ఇస్తే తన ఆఖరి ఫైనల్ కథ చెప్పారు. చివరి పాయింటు, బంతి తమ వెనక గీత దగ్గర పడింది. అంపైరు లోపల అన్నాడు. ఈయన బంతి అందుకుని, సున్నం అంటలేదని అరిచి, అంపైరును తోసేసి, బంతి జేబులో వేసుకుని వచ్చేశారు. దాంతో ఆట నుంచి బహిష్కరించారు. అన్యాయం జరిగిందని చెబుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఆధారం అడగడం నోటికి అలవాటైపోయింది. "ఆ బంతి ఉందా తాతగారూ? చూపిస్తారా?" అన్నాను. ఆయన మైకు పక్కన పెట్టి కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే ఒక రేకు డబ్బా పట్టుకుని మా తలుపు కొట్టారు.

"నిన్న అబద్ధం చెప్పిన బిడ్డా. సున్నం అంటింది. నేను చూసిన. చూసే పిడికిలి మూసిన."

లోపలికి రమ్మని కుర్చీ వేశాను.

"నా ఆట పోయింది, పోనీ. ఆ అంపైరు పరువు పోయింది. అమ్ముడుపోయినవని జనం కుర్చీలిసిరిన్రు. మల్ల ఎన్నడు అంపైరుగ నిలబడలే ఆయన. మూసాపేటల కొడుకు దగ్గర ఉన్నడట. జర తోల్కపోతవా?"

ఆ ఆదివారం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మూసాపేటలో దిగాం. దారి పొడుగునా డబ్బా ఒళ్లోంచి దించలేదు. అంపైరుగారు మంచం మీద ఉన్నారు. ఈయన కంటే పెద్ద. చూపు తగ్గింది, జ్ఞాపకం మాత్రం గట్టిగా ఉంది. తాతగారు తన పేరు చెప్పగానే ముఖం గోడకు తిప్పుకున్నారు.

"అన్నా, ఆ బంతి లోపలనే పడ్డది," అన్నారు తాతగారు.

ఆధారంగా డబ్బా మూత తీశారు. బంతి ఉంది. రంగు వెలిసింది, పురుగులు కొట్టేశాయి. సున్నం జాడ మాత్రం లేదు. అరవై ఏళ్లలో ఎప్పుడో రాలిపోయింది. తాతగారు కంగారుగా బంతిని అటూ ఇటూ తిప్పారు. "ఈడనే ఉండె అన్నా... ఒట్టు, ఈడనే ఉండె..."

పెద్దాయన చెయ్యి చాచి బంతి తీసుకున్నారు. వేళ్లతో తడిమారు.

"సున్నమెందుకురా ఇప్పుడు? నువ్వు చెప్తున్నవ్ గద."

తర్వాత వంటింటి వైపు కేకేశారు. "కోడలా, జర ఇటు రా! వీడేదో చెప్తున్నడు, విను!" ఆమె వచ్చాక తాతగారు మళ్లీ చెప్పారు. కొడుకు బజారు నుంచి వచ్చాక మళ్లీ చెప్పించారు. మూడోసారి చెప్పాక పెద్దాయన తాతగారి మణికట్టు పట్టుకుని, అదే ఎడమ చెయ్యి, చాలాసేపు వదల్లేదు. బంతిని మాత్రం తిరిగి ఇవ్వలేదు, దిండు కింద పెట్టుకున్నారు.

రాయదుర్గంలో దిగాక తాతగారు "ఆకలైతుంది" అన్నారు. రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నారు. అంత నెమ్మదిగా, ఎవర్నీ తిట్టకుండా తినడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆయన పోయిన రోజు మూసాపేటకు ఫోన్ చేసింది నేనే. కోడలు చెవి దగ్గర పెట్టి చెప్పిందట. పెద్దాయన దిండు కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నారట.

నిన్న మళ్లీ ఆడాం. కుర్చీ అక్కడే ఉంది, ఎవరికీ తీయబుద్ధి కాలేదు. చివరి పాయింటు. షటిల్ నా వెనక గీత మీద పడింది. అవతలివాళ్లకు నేను అడ్డంగా ఉన్నాను, చూసింది నేనొక్కదాన్నే, లోపల అంటే ఆట వాళ్లదే. అందరూ అలవాటుగా కుర్చీ వైపు తిరిగారు. నేనూ తిరిగాను.

"లోపలే పడింది" అన్నాను, కుర్చీ దాకా వినిపించేలా.