చిటిక వెయ్యొద్దన్న డాక్టరు

ఆవులింత వస్తే నోటి ముందు చిటిక వేయడం ఆయనకు గిట్టేది కాదు. కలకత్తా పోయి, ఒంటికి సూదులు గుచ్చి నయం చేసే చీనా వైద్యం నేర్చుకొచ్చాడు. ఆళ్లగడ్డలో అందరికీ సూదుల డాక్టరే.

ఎనభైల్లో నేను నంద్యాల–ఆళ్లగడ్డ బస్సు నడిపేవాణ్ణి. ఒక మధ్యాహ్నం కునుకు పట్టి బస్సు శనగచేలోకి దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పటి నుంచి ఆవులింతలు. కంటినిండా నిద్రపోయినా ఆగవు. ఉద్యోగం పోతుందన్న గాబరాతో ఆయన దగ్గరికి పోయాను.

కూర్చోగానే ఆవులింత వచ్చింది. చిటిక వేయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

“వెయ్యొద్దప్పా. తరిమితే యాడికి పోతాది? రానీ, చూస్తా.”

లోపలి చలువ కిందికి, వేడి పైకి లాగుతుంటే నడుమ నోరు తెరుచుకుంటుందని చీనావాళ్ల లెక్కట. దానికి మూలం మూత్రపిండాలు; భయం దాక్కునేదీ అక్కడేనట. నా చీలమండ కింద లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి సూది గుచ్చి అడిగాడు.

“దేనికి భయపడ్తాండావ్?”

“ఏం లేదు సార్.”

మూడుసార్లు పోయాను. మూడుసార్లూ అదే ప్రశ్న, అదే అబద్ధం. నాలుగోసారి ఉండబట్టలేక చెప్పేశాను. ఆ చేలో ఎవరో కూలామె పసిబిడ్డను గుడ్డ పరిచి పడుకోబెట్టింది. చక్రం ఆ గుడ్డ అంచు మీద ఆగింది.

ఆయన ఆవులించాడు. కాలు ముడుచుకుంటుంటే పంచె పక్కకు జరిగింది. చీలమండ చుట్టూ నా కాలికంటే ఎక్కువ సూది గుర్తులు.

“మరి నీకేం భయం సార్?”

ఆయనకు ఇంకో ఆవులింత వచ్చింది. నన్ను ఆపిన ఆ చెయ్యే పైకి లేచి నోటి ముందు చిటిక వేసింది.