ఎడమ పక్క చాయ్ గ్లాసు

ఇది 2022 నాటి మాట. కరోనా తర్వాత బడులు మళ్ళీ పూర్తిగా నడవడం మొదలైంది. లక్డారం నుంచి పటాన్‌చెరు మీదుగా బీరంగూడ వెళ్ళే ఒక ప్రైవేటు బడి బస్సులో నేను ఆయాను. మా ఆయన పోయాక దొరికిన పని, ఇప్పటికీ అదే చేస్తున్నాను. నాకు చదువంటే పేరు రాసుకునేంత. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా గొంతు రాతలో వినబడదు కాబట్టి అదీ చెబుతున్నాను, బొంగురు గొంతు. లారీల మోతలో డ్రైవరుకు వినబడేలా అరిచీ అరిచీ ఇలా అయింది.

ఆయా పనంటే పిల్లల చెయ్యి పట్టుకుని ఎక్కించడం, దింపడం అంతే అనుకుంటారు. అసలు పని రేకు కొట్టడం. బస్సు తలుపు ఎడమ పక్కన ఉంటుంది, డ్రైవరు కుడి పక్కన కూర్చుంటాడు. పిల్లలు, వాళ్ళను సాగనంపడానికి వచ్చిన తల్లులు, తల్లుల కొంగు పట్టుకుని వచ్చిన చిన్నవాళ్ళు, అందరూ ఉండేది ఎడమ పక్కనే. నేను మెట్టు మీద నిలబడి చక్రాల దాకా చూసి, బస్సు రేకు మీద అరచేత్తో కొడతాను. ఒక దెబ్బ అంటే ఆగు. రెండు దెబ్బలంటే పో.

మా డ్రైవరు పేరు భద్రం. వాళ్ళ నాన్న గోదావరి జిల్లా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి బీరంగూడలో స్థిరపడ్డాడు. భద్రం ఎన్నో ఏళ్ళుగా ఆ బడిలోనే. బస్సుకు గీత పడనిచ్చేవాడు కాదు. పొద్దున్నే అద్దాలు తనే తుడుచుకునేవాడు, క్లీనరును ముట్టనిచ్చేవాడు కాదు. నా మాటతీరు మీద, నా గొంతు మీద జోకులేసేవాడు. "నువ్వుండగా నా బస్సుకు హారన్ దేనికమ్మా" అనేవాడు.

బయలుదేరే ముందు బడి బస్సుల షెడ్డులో చాయ్ తాగడం మా అలవాటు. వాచ్‌మన్ దగ్గర రెండు గ్లాసులు తీసుకుని, తలుపులోంచి ఎక్కి, ఒకటి ఆయనకు అందించేదాన్ని. ఆ ఏడాది ఒక విషయం గమనించాను. గ్లాసు చాపి నిలబడితే తీసుకునేవాడు కాదు. ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. గ్లాసును స్టీరింగు ముందుకు తెస్తే అప్పుడు, "ఓ, తెచ్చావా" అని తీసుకునేవాడు. ఏదో ఆలోచనలో ఉన్నాడులే అనుకున్నాను. రోజూ అదే ఆలోచన ఎలా ఉంటుంది?

తర్వాత ఒక పొద్దున లక్డారంలో పిల్లలు ఎక్కారు, తల్లులు పక్కకు జరిగారు, నేను రెండు దెబ్బలు కొట్టాను. బస్సు కదులుతుండగా, అక్కను సాగనంపడానికి వచ్చిన ఒక చిన్నపిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని, కింద పడిన నీళ్ళ సీసా కోసం బస్సు ముందుకు పరుగెత్తింది. నేను అరిచాను, రేకు మీద కొట్టాను. ఆయన బ్రేకు తొక్కాడు. పిల్ల సీసా తీసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. తల్లి మాత్రం అక్కడే కూలబడింది.

"అద్దంలో లేదమ్మా ఆ పిల్ల," అన్నాడు భద్రం.

"అద్దంలెందుకుంటదన్నా, నీ ముంగటికెల్లే ఉరికింది గద."

"ఎక్కణ్ణుంచో ఊడిపడింది," అన్నాడు. చెమట తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆయన లైసెన్సు రెన్యువల్ వచ్చింది. బస్సులాంటి పెద్ద బండి నడిపేవాళ్ళు కొన్నేళ్ళకోసారి లైసెన్సు కొత్తది చేయించుకోవాలి, దానికి డాక్టరిచ్చే మెడికల్ సర్టిఫికెట్ కావాలి. దూరం నుంచి బండి నంబరు చదవగలడా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, ఇలాంటివి చూస్తారట. భద్రం వెళ్ళొచ్చాడు. షెడ్డులో అందరికీ వినబడేలా చెప్పాడు.

"బోర్డు మీద ఆఖరి వరస దాకా చదివేశాను. యాభై దాటినా కళ్ళద్దాలు అక్కర్లేదన్నారు. గోదావరి నీళ్ళు తాగిన కళ్ళమ్మా ఇవి."

"మరి గంత మంచి కండ్లకు నా చాయ్ గ్లాసు కనవడదేందన్నా?"

"ఏ గ్లాసు?"

"రోజూ నీ పక్కకు పట్టుకొని నిలవడ్త. నువ్వు సూడవు. ఆ చిన్నపిల్లను గూడ గట్లనే సూడలే. ఇప్పుడు ప్రతి స్టాపుల 'ఎడమ పక్క ఏముందమ్మా' అని అడుగుతున్నవ్. ఇంతకుముందు అడిగినవా?"

మొహం గంటు పెట్టుకున్నాడు. "నువ్వు డాక్టరువా? పై వాళ్ళకు చెప్తావా ఏంటి? నాకు స్టీరింగు తప్ప ఇంకో పని రాదని తెలుసు కదా. ఇద్దరాడపిల్లలు కాలేజీలో ఉన్నారు."

"నేనెవ్వరికి చెప్ప. నువ్వు కంటి డాక్టర్ దగ్గరికి రా. రాకుంటే రేపు లక్డారంల నేను రేకు కొట్ట."

"కొట్టకపోతే మానెయ్. నా అద్దాలు నాకున్నాయి," అన్నాడు.

మరునాడు పిల్లలందర్నీ ఎక్కించాను. తల్లులనూ చిన్నవాళ్ళనూ గోడ దాకా పంపించాను. తలుపు మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాను. బస్సులో గోల. వెనక ఆటో హారన్ కొడుతోంది.

భద్రం ఎడమ అద్దం చూశాడు. తల మొత్తం తిప్పి చూశాడు. ముందుకు చూశాడు. మళ్ళీ తల తిప్పాడు. గేరు మీద చెయ్యి పెట్టి తీసేశాడు.

"కొట్టమ్మా," అన్నాడు.

"అంతా కనవడుతుందని కాయితం ఇచ్చిన్రు గద. సూసి పోనియ్యి."

ముందు సీట్లో పాప, "ఆయమ్మా, రైట్ చెప్పు, లేటవుతుంది," అంది. నేను కట్టుకున్న చేతులు విప్పలేదు. భద్రం ఇంజన్ ఆపేసి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"బస్సుల ఇన్‌ఛార్జికి ఫోన్ చెయ్యి. ఒంట్లో బాగాలేదు, ఇంకో డ్రైవర్ని పంపమను."

పిల్లలను వేరే డ్రైవరుతో పంపించి, అదే రోజు ఇద్దరం ఆర్టీసీ బస్సెక్కి సంగారెడ్డిలో ఒక కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

అక్కడా బోర్డు మొత్తం గడగడా చదివాడు. నా వైపు చూశాడు, చూశావా అన్నట్టు. అప్పుడు ఆవిడ ఎదురుగా కూర్చుని, "కుడి కన్ను మూసి నా ముక్కునే చూడండి. పక్కన నా వేళ్ళు కదిలినప్పుడు చెప్పండి," అంది. ఎడమ పక్క వేళ్ళు ఆడిస్తూనే ఉంది. ఆయన చెప్పడం లేదు. నాకైతే గోడ దగ్గర నుంచే కనబడుతున్నాయి. చేతిని కొంచెం కొంచెం జరిపి మొహం దగ్గరకు తెచ్చాక, "ఆ, ఇప్పుడు," అన్నాడు.

తర్వాత ఫీల్డ్ టెస్ట్ చేశారు. ఒక గిన్నెలాంటి మిషన్‌లో తల పెట్టి చుక్కంత వెలుతురు కనబడినప్పుడల్లా మీట నొక్కాలి. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. టక్కు, టక్కు. తర్వాత ఎంతసేపటికీ చప్పుడు లేదు. మళ్ళీ టక్కు.

దాన్ని గ్లాకోమా అంటారట, తెలుగులో నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. నొప్పి ఉండకుండానే పక్క చూపు పోతూ వస్తుంది, నడిమి చూపు చాలాకాలం ఉంటుంది. ఎడమ కన్ను బాగా పోయింది, కుడి కంట్లో ఇప్పుడే మొదలైంది.

"బోర్డంతా చదివాను కదండీ," అన్నాడు భద్రం.

"చదివారు. బోర్డు మీకెదురుగా వేలాడుతుంది. పిల్లలు పక్కల నుంచి వస్తారు," అంది ఆవిడ. "పోయిన చూపు రాదు. చుక్కల మందు మానకుండా వేసుకుంటే ఉన్నది కాపాడవచ్చు. బస్సు మాత్రం నడపొద్దు."

బయటికి వచ్చాక చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. "ఇన్నాళ్ళూ నీ చేతి దెబ్బ విని నడిపానా నేను?" అన్నాడు. నన్నడగలేదు, తనలో తనే అనుకున్నాడు.

మరునాడు డాక్టరమ్మ రాసిన కాగితం బడిలో తనే ఇచ్చి తప్పుకున్నాడు. బడివాళ్ళు షెడ్డులో టైర్లు, గాలి, ఆయిలు చూసే పని ఇచ్చారు. జీతం తగ్గింది. చేతిలో స్టీరింగు లేకపోవడం అంతకన్నా ఎక్కువ బాధపెట్టింది. ఆ ఎండాకాలమంతా నాతో మాట్లాడలేదు. చాయ్ ఇస్తే, "అక్కడ పెట్టు," అనేవాడు.

ఆ తర్వాత నా పనిలో ఒకటి మార్చుకున్నాను. కొత్త డ్రైవరు ఎవరొచ్చినా మొదటి రోజు ఎడమ పక్కనుంచి చాయ్ గ్లాసు చాపి, ఏమీ అనకుండా నిలబడతాను. ఈ మధ్య వచ్చిన జిన్నారం పిల్లగాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపి అందుకున్నాడు. "ఏందక్కా, గట్ల సూస్తున్నవ్?" అన్నాడు. "ఏం లేదు బిడ్డా, తాగు," అన్నాను. సర్టిఫికెట్ ఉండాల్సిందే, నేను కాదనను. కానీ అది ఒక్కరోజు చూసి ఇచ్చేది. ఆ మనిషి పక్కన రోజూ నిలబడేది నేను.

వానలు పడ్డాక ఒక పొద్దున భద్రమే పిలిచాడు. ఆగి ఉన్న బస్సులో తన పాత సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నాడు. "అమ్మా, గ్లాసు పట్టుకో. వెనక నుంచి మెల్లగా ముందుకు తీసుకురా," అన్నాడు. తెచ్చాను. ఒకచోట, "ఆగు, కనిపించింది," అన్నాడు. సీటుకు ఎడమ పక్కనున్న కమ్మీ మీద ఆ చోట పెయింటుతో గీత గీయించాడు. గ్లాసు ఆ గీత దాటాక గానీ కనబడకపోతే చూపు ఇంకా తగ్గినట్టు.

డాక్టరమ్మ దగ్గరికి చెప్పిన రోజుకు వెళ్తూనే ఉంటాడు, మందూ మానలేదు. అయినా నెలకోసారి నాచేత గ్లాసు పట్టిస్తాడు. మొన్న కూడా పట్టాను. మెల్లగా ముందుకు తెస్తూ, గీత దగ్గరికి వస్తుంటే ఇంకా మెల్లగా జరిపాను.

"ఆగు," అన్నాడు.

గీత మీదే ఉంది గ్లాసు. అందుకుని తాగాడు.